బిడ్డలను మాత్రమే చెప్పండి

“ఈ కుటుంబంలో ఇంతవరకు జన్మించిన బిడ్డలు ఎందరు? వారిలో సంవత్సరం నిండకముందే మరణించినవారు ఎందరు?”

డెబ్బయ్యో దశకం చివరి సంవత్సరాలలో ఈ రెండు వాక్యాలను నేను చిత్తూరు చుట్టుపక్కల పల్లెలలో గడపగడపకూ వెళ్ళి చదివాను. అడిగాను అనకుండా చదివాను అని ఆలోచించే రాస్తున్నాను. అడిగి ఉంటే జవాబులు వేరుగా వచ్చి ఉండేవి.

మా ఇంట్లో బి.ఏ. పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. మా నాయన, అమ్మ ఐరాల ప్రాంతంలో రైతుల చెరకు తోటల్లో కూలికి పోయేవారు. నన్ను తిరుపతిలో హాస్టలులో ఉంచి చదివించారు. అక్కడ మొదటి సంవత్సరమే నా మాట విని గదిలోని వాళ్ళు నవ్వినందువల్ల ‘ఉండాది’ని ‘ఉన్నది’గా, ‘యాడ’ను ‘ఎక్కడ’గా దిద్దుకున్నాను. నాలుగేళ్ళు గడిచేసరికి అచ్చులో ఉన్న తెలుగును తడబడకుండా పలకగలిగాను. ఆ తెలుగును చూసే నాకు ఆ తాత్కాలిక ఉద్యోగం ఇచ్చారని నా నమ్మకం.

మూడు ప్రభుత్వ శాఖలు కలిసి చేస్తున్న సర్వే అది. ఒకటి ఆరోగ్యం చూసే శాఖ, ఒకటి సంక్షేమం చూసే శాఖ, ఒకటి లెక్కలు చూసే శాఖ. ఒకే గ్రామంలో ఊళ్ళో పుట్టిన పసిపిల్లలకూ, వాడలో పుట్టిన పసిపిల్లలకూ చావులలో తేడా ఎంత ఉన్నది, ఎందుకు ఉన్నది అని కనుక్కోవడం దాని ఉద్దేశం. తేడా ఎక్కడ ఎక్కువగా తేలుతుందో ఆ వాడలో మొట్టమొదటగా ఒక ఉపకేంద్రం పెట్టి, ఒక నర్సమ్మ అక్కడే నివాసం ఉండేటట్లు నియమిస్తామన్నారు. ఈ మాట విన్ననాడు ఆ పని మీద నాకు కలిగిన గౌరవం చిన్నది కాదు. మా వాళ్ళ పిల్లలు ఎందుకు చచ్చిపోతున్నారో తెలుసుకోవాలని మూడు ఆఫీసులు ఒక బల్ల చుట్టూ కూర్చున్నాయి కదా అనుకున్నాను.

కూర్చోవడం వరకు నిజమే. జీపు ఒక శాఖది, డ్రైవరు మరొక శాఖవాడు, పెట్రోలు చీటీ మీద సంతకం మూడో శాఖవారిది. మూడూ కుదిరిన రోజున మేము జీపులో వెళ్ళేవాళ్ళం. కుదరని రోజున బస్సు దిగి నడిచేవాళ్ళం. ఫారం కూడా ఒకటి కాదు. ఎవరి ప్రశ్నలు వారు వేరువేరు కాగితాల మీద అచ్చు వేయించుకుని, చివరకు దారంతో కలిపి కుట్టించారు.

మాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. ఆరోగ్య శాఖ డాక్టరమ్మ ఒక పూటంతా ధనుర్వాతం గురించే చెప్పింది. బొడ్డు కోసిన ఇనుము నుంచీ, దాని మీద అద్దిన బూడిద నుంచీ ఆ జబ్బు పసికందుకు సోకుతుందనీ, వారం లోపల దవడ బిగుసుకుపోయి పాలు తాగలేక చనిపోతుందనీ, గర్భంతో ఉన్నప్పుడే తల్లికి నెల ఎడంతో రెండు సూదులు వేస్తే ఆ జబ్బు బిడ్డ దగ్గరికే రాదనీ చెప్పింది. లెక్కల శాఖ అధికారి చెప్పింది ఒక్కటే. “ప్రశ్నను మార్చకూడదు. విడమరచకూడదు. జవాబు అందించకూడదు. చెప్పింది చెప్పినట్లు రాయాలి.” నేను సూచనల పుస్తకంలో ఆ మాటల కింద ఎర్ర సిరాతో రెండుసార్లు గీత గీసుకున్నాను.

నాకు కేటాయించిన ఊళ్ళలో మా అక్కను ఇచ్చిన ఊరు ఒకటి. ఐరాల నుంచి నడిచి వెళ్ళాలి. ఊళ్ళో ఇళ్ళు ముగించుకుని, మూడో రోజు వాడకు వెళ్ళాను. అక్కకు అప్పుడు ఐదో నెల. నేను వెళ్ళేసరికి పక్కింటి అవ్వ అక్క ఇంటి వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. వాడలో కాన్పులన్నీ ఆ అవ్వ చేతుల మీదుగానే జరిగేవి.

“ఏమే, మీ తమ్ముడు ఫ్యాంటేసుకోని ఆఫీసరయ్యి వచ్చినాడు. మంచమన్నా వాల్చు,” అన్నది అవ్వ.

“మన మంచం మింద కూసుంటాడో లేదో! మన మాటే మరిసిపోయినాడు ఆయప్ప,” అన్నది అక్క నవ్వుతూ.

నేను మంచం మీద కూర్చున్నాను. ఫారం తీసి, అన్ని ఇళ్ళలో చదివినట్లే చదివాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఏమంటా ఉండాడే?”

“బిడ్డలెంతమందని అడగతా ఉండాడవ్వా.”

అవ్వ గింజలు తీయడం ఆపింది. “బిడ్డల్నేనా నాయనా? గుడ్లు గూడా చెప్పాల్నా?”

ఈ మాట ఇక్కడ చెప్పుకోవాలి. మా వాడలలో పుట్టిన పసికందును మూడో నెలలో తొట్లో వేసి పేరు పెట్టేదాకా బిడ్డ అనరు. గుడ్డు అంటారు. బిడ్డ చచ్చిపోతుంది, గుడ్డు నిలవదు. నిలవనిదాన్ని పాత చీర పేలికలో చుట్టి గట్టున పూడ్చి వస్తారు. దినాలు చేయరు. పేరు పెట్టినదాన్ని పోగొట్టుకోవడం మరీ కష్టం కాబట్టి, పేరు పెట్టకుండా ఆ మూడు నెలలూ కాచుకుంటారని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అక్కకు మొదట ఒక కూతురు. ఆ తరువాత రెండు గుడ్లు నిలవలేదు. రెండోదాన్ని పూడ్చిన రోజున నేను సెలవులకు వచ్చి ఉన్నాను. బావ చేతులు ఆడక నిలబడిపోతే పార పట్టుకుని గుంత తీసింది నేనే.

అవ్వ అడిగిన ప్రశ్నకు నేను సూచనల పుస్తకం తెరిచి చూశాను. నిజంగానే చూశాను. గుడ్డు అనే మాట అందులో లేదు. విడమరచకూడదు అని ఉన్నది.

“బిడ్డలను మాత్రమే చెప్పండి అవ్వా,” అన్నాను.

“అట్లయితే ఒగతే. అదో, ఆడ ఆడుకుంటా ఉండాది,” అన్నది అక్క.

“మరణించినవారు?”

“ఉండేది ఒగతే అయితే సచ్చేదెవురురా? కండ్లకు కనపడలా?”

నేను ఒకటి అనీ, సున్న అనీ రాశాను. గుంత తీసిన చేయే ఆ సున్న చుట్టింది. ఆ క్షణంలో నాకు గుంత గుర్తుకు రాలేదని చెప్పుకోవాలని ఉన్నది. గుర్తుకు వచ్చింది. కాని అది ఇంటి సంగతి, ఇది ఆఫీసు సంగతి అన్నట్లు రెండూ నా మనస్సులో వేరువేరు అరలలో ఉండిపోయాయి.

నేను చెప్పిన మాట నాకంటే ముందే వాడ అంతా తిరిగింది. తక్కిన ఇళ్ళలో నేను నోరు తెరవకముందే, “బిడ్డల్ని మాత్రమే గదా?” అని అడిగి, వేళ్ళ మీద చెప్పేశారు. నాతోపాటు వచ్చిన మరొక ఉద్యోగికి పక్క ఊరి వాడలోనూ అటువంటి జవాబులే వచ్చాయి. పని తొందరగా అయిపోయినందుకు ఇద్దరమూ సంతోషించాము.

బయలుదేరుతున్నప్పుడు అక్క గడప దాకా వచ్చి గొంతు తగ్గించి అన్నది. “ఏమిరా, సిత్తూర్లో కడుపుతో ఉండేవాళ్ళకి సూదులు ఏస్తారంట గదా? గానుగల పని అయినాక బావను తోడు తీసుకోని ఒగసారి వద్దామనుకుంటా ఉండా. ఈసారన్నా నిలస్తాదేమో.”

“నువ్వు ఎక్కడికీ రానవసరం లేదక్కా. ఈ సర్వే పూర్తి కాగానే ఇక్కడికే నర్సమ్మ వస్తుంది. ఇంట్లోనే సూదులు వేస్తుంది,” అన్నాను.

“నిజంగానా?”

“ప్రభుత్వం ఆ మాట చెప్పింది.”

అక్క సరేనన్నది. నా మాట మీద ఆమెకు ఉన్న నమ్మకం అటువంటిది. ఆమె మూడో తరగతిలో బడి మానేసింది నన్ను ఎత్తుకుని చూసుకోవడానికే.

పట్టికలు తయారు కావడానికి రెండు నెలలు పైన పట్టింది. మూడు శాఖల అధికారులూ కూర్చున్న సమావేశంలో కాగితాలు అందించడానికి నన్ను గోడవార నిలబెట్టారు. పట్టిక చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నది. ఊళ్ళో కంటే వాడలో చావులు తక్కువగా తేలాయి.

“ఇది ఎలా కుదురుతుంది?” అన్నది ఆమె.

“ఎందుకు కుదరదు మేడమ్? మా శాఖ పథకాలు పని చేస్తున్నాయని ఒప్పుకోవడానికి మీకు ఇష్టం లేదా?” అన్నాడు సంక్షేమ శాఖ అధికారి.

లెక్కల శాఖ అధికారి కూడికలన్నీ రెండుసార్లు సరిచూశామన్నాడు. గోడవార నుంచి ఒక అడుగు ముందుకు వేసి, ఒక మనవి చేసుకోవచ్చునా అని అడిగాను. గుడ్డుకూ బిడ్డకూ ఉన్న తేడా చెప్పాను. నేను దిద్దుకున్న తెలుగులో ఆ సంగతి చెప్పడం చాలా కష్టమయింది.

“గుడ్లా? అయితే పశువుల శాఖవాళ్ళను కూడా పిలిచి ఉండవలసింది!” అన్నాడు సంక్షేమ అధికారి. బల్ల చుట్టూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అది నాకు బాగా గుర్తున్నది.

లెక్కల అధికారి మాత్రం నవ్వలేదు. “ఆ ఫారాలు రాసింది నువ్వే కదయ్యా?”

“నేనే సార్.”

“ఈ సంగతి నీకు అప్పుడే తెలుసా? ఇప్పుడు తెలిసిందా? అప్పుడే తెలిసి రాయకపోతే అది నీ తప్పు. ఇప్పుడు తెలిస్తే అది ప్రశ్నలో తప్పు. ఏది రాసుకోమంటావు?”

నా ఉద్యోగం ఆరు నెలలకొకసారి పొడిగించే ఉద్యోగం. “ఇప్పుడే తెలిసింది సార్,” అన్నాను.

సమావేశం అయ్యాక డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఫారంలో ఒక్క మాట మార్చాలన్నా మూడు శాఖల సంతకాలూ కావాలనీ, అవి వచ్చేదాకా ఆగితే లాభం లేదనీ చెప్పి, “వాళ్ళ మాటలోనే మళ్ళీ అడిగి, ఇంటింటికీ ఒక జాబితా రాసుకుని రా. నేను నోట్ పెట్టి పంపుతాను,” అన్నది.

అప్పటి నుంచి ఆదివారాలు నావి కావు. మొదటి ఆదివారం వాడలో మొదటి ఇంటి ముందు నిలబడి, “గుడ్లెన్ని నిలవలేదమ్మా?” అని అడిగాను. ఎన్నో ఏళ్ళ తరువాత నా నోటి నుంచి మా ఇంటి మాట వచ్చింది. ఆమె చేతిలోని చేట దించి నా వంక చూసింది.

“దీన్ని అడిగేదానికి ఇన్ని దినాలు పట్టిందా నీకు?” అన్నది.

తరువాత ఏ ఇంట్లోనూ నేను రెండోసారి అడగవలసిన పని పడలేదు. చెరకు నరికేటప్పుడు ఒకటి, వేరుశనగ పీకేటప్పుడు ఒకటి, కరువు పని మీద ఉన్నప్పుడు ఒకటి అని పనులను బట్టి లెక్క చెప్పారు. దాదాపు అన్నీ పుట్టిన వారంలోనో, పది దినాలలోనో పోయినవే. పాలు తాగుతూ తాగుతూ నోరు బిగదీసుకున్నవే. అవ్వ తన చేతుల మీద పుట్టి నిలవనివాటిని తలుచుకోబోయి, కొన్ని ఇళ్ళ దాకా చెప్పి, “సాలు నాయనా,” అని లేచిపోయింది.

ఆ ఆదివారమే అక్క అడిగింది. “మీ నర్సమ్మ ఎప్పుడొస్తాది? నాకు ఎనిమిదో నెల వచ్చేసె. నువ్వన్నా పిల్సుకోని పోరాదా?”

“ఈ జాబితా ఒకటి పూర్తి చేయనీ అక్కా. వచ్చే ఆదివారం తీసుకుపోతాను.”

ఆ వచ్చే ఆదివారానికి పక్క ఊరి వాడ మిగిలి ఉండింది. ఆ పై ఆదివారం జాబితాకు శుద్ధప్రతి రాశాను. గీతలు గీసి, గళ్ళు కట్టి, కొట్టివేత ఒక్కటీ లేకుండా రాశాను. ప్రతి ఇంటికీ ఎదురుగా ఎన్ని నిలవలేదో రాశాను. మా అక్క పేరు ఎదురుగా రెండు అని రాశాను. ఆ రాతను చూసుకుని నాకు తృప్తి కలిగింది. తీసుకుపోవలసిన మనిషిని తీసుకుపోకుండా, ఆమె గురించి అంకె సరిగా రాశానని తృప్తిపడ్డాను.

డాక్టరమ్మ మాట తప్పలేదు. నోట్ పెట్టింది. లెక్కల శాఖ దాని మీద, అనుబంధంగా జతపరచవచ్చును, పట్టికలు మార్చరాదు అని రాసింది. సంక్షేమ శాఖ, చూడడమైనది అని రాసింది. ఒక శనివారం టపా పుస్తకంలో మరొక కాగితం కనబడింది. ఉపకేంద్రాన్ని వేరొక ప్రాంతంలోని గ్రామానికి మంజూరు చేశారు. అంకెల ప్రకారం అక్కడ అవసరం ఎక్కువ.

మరునాడు మొదటి బస్సుకు బయలుదేరాను. ఏ ఆఫీసుతోనూ పని లేకుండా అక్కను ఆసుపత్రికి తీసుకురావాలని వెళ్ళాను. వాకిట్లో అవ్వ ఎదురయింది.

“మేనమామ వచ్చినాడు సూడు! బేస్తవారం దినం కాన్పయింది. ఆడది. పాలు బాగా తాగతా ఉండాది.”

నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. అక్క చాప మీద పడుకుని ఉన్నది. పక్కన పసికందు పిడికిళ్ళు మూసుకుని నిద్రపోతున్నది. గుడ్డ తొలగించి చూశాను. బొడ్డు మీద పిడక బూడిద అద్ది ఉన్నది. దేనితో కోశారని అడిగాను.

“కొడవలితోనే నాయనా. నిన్ను కోసింది గూడా ఇట్లాంటి దాంతోనే. ఏమయినావు నువ్వు?” అన్నది అవ్వ. గర్వంగా అనలేదు. అడిగింది.

ఆసుపత్రికి పోదాం పదమన్నాను. “పచ్చి పురిటాలిని యాడికి రమ్మంటావు? బాగుండాది గదరా. ఏమయిందని పోవాల?” అన్నది అక్క. బావ కూడా ఆమె మాటే అన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఒకసారి తప్పు చెప్పినవాడి నోటికి రెండోసారి బలం ఉండదు. సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళి సంతకం చేశాను.

బుధవారం మధ్యాహ్నం బావ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. “రొమ్ము పట్టలా. నోరు తెరవలా,” అన్నాడు.

మేము చేరేసరికి పసికందు ఒళ్ళు వెనక్కి విల్లులా వంగుతున్నది. శబ్దం వినబడితే చాలు, మళ్ళీ వంగుతున్నది. బావను పెద్ద పిల్ల దగ్గర ఉంచి, నేనూ అక్కా బస్సులో పట్నం ఆసుపత్రికి తీసుకువచ్చాము. చీటీ రాసే ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. “ఎన్నో బిడ్డ?”

అక్క నా వైపు చూడలేదు. “నాలుగో బిడ్డ,” అన్నది.

ఆమె నోట ఆ లెక్క నేను వినడం అదే మొదటిసారి. ఆయన రాసుకున్నాడు. పేరు అడిగాడు. పెట్టలేదంటే, తల్లి పేరు రాసి పక్కన బిడ్డ అని రాశాడు. అదీ రెండు క్షణాల పని.

లోపల వాళ్ళు చేయగలిగింది చేశారు. చీకటి గది ఇచ్చి, శబ్దం లేకుండా చూసుకున్నారు. మరునాడు పొద్దెక్కే వేళకు అయిపోయింది.

తరువాత జరిగినవి కూడా చెప్పాలి. డాక్టరమ్మ బదిలీ అయ్యేదాకా ఆ ఫైలును వదలలేదు. ఏడాది దాటాక ప్రశ్నలు మార్చి రెండో విడత అచ్చు వేశారు. నిలవని గుడ్లు అనే మాట ప్రభుత్వ కాగితం మీద మా జిల్లాలో బహుశా అప్పుడే మొదటిసారి పడింది. ఆ పై సంవత్సరం వాడ అంచున ఉపకేంద్రం కట్టారు. నర్సమ్మ వచ్చింది, అవ్వకు నీళ్ళలో మరిగించిన బ్లేడు వాడడం నేర్పింది. పసిపిల్లలు నిలవసాగారు. మూడు శాఖలూ కలిసి చేసిన పని వృథా పోలేదని నేను ఎందరికో చెప్పాను, అది అబద్ధం కాదు. నా ఉద్యోగం స్థిరపడింది. మా అక్కకు మళ్ళీ కాన్పు కాలేదు. నర్సమ్మను గురించి ఆమె నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

పసికందు పోయిన ఆ రోజు, ఆసుపత్రిలో కాగితాలు ముగించుకుని మేము మళ్ళీ బస్సే ఎక్కాము. వేరే బండి దొరికే దారి లేదు. తెలిస్తే ఎక్కనివ్వరని, అక్క దాన్ని నిద్రపుచ్చుతున్నట్లు భుజాన వేసుకుని పైట కప్పింది. ఐరాల పోయేవాళ్ళతో బస్సు నిండిపోయింది. ఒకామె జరిగి మాకు చోటిచ్చింది.

“ఎన్ని నెలలమ్మా బిడ్డకు?”

“ఎనిమిది దినాలు.”

“అయ్యో, అంత పసిదాన్ని ఎండలో ఎత్తుకోనొస్తివా తల్లీ! పాలు తాగి పండుకున్నట్టుండాది. ఏం పేరు పెట్టాలనుకున్నారు?”

అక్క ఆలోచించింది. తరువాత ఒక పేరు చెప్పింది. అంతవరకు ఆ పేరు ఎవరూ విన్నది కాదు. మంచి పేరమ్మా అన్నది ఆమె.

కండక్టరు వచ్చాడు. “ఎంతమంది?”

“ఇద్దరం,” అని నేను అంటుండగానే అక్క అందుకున్నది. “ముగ్గురం.”

కండక్టరు అక్క భుజం వైపు చూసి నవ్వాడు. “సేతిబిడ్డను లెక్క పెట్టంలేమ్మా. ఇద్దరికే కొడతా.”

“ముగ్గురమప్పా,” అన్నది అక్క. ఆమె గొంతు మామూలుగానే ఉన్నది.

కండక్టరు నవ్వు ఆపి, ఏమి చేయమంటారన్నట్లు నా వైపు చూశాడు.

“మూడు ఇవ్వండి,” అన్నాను.